కాలి బైపాస్‌కు దాత సిర: ఎప్పుడు పనికొస్తుంది, మనకు దొరుకుతుందా?

మీరు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉద్యోగంలో ఉన్నారు. నాన్న వాకాడులో ఉంటారు. కాలి వేలి మీద పుండు మూడు వారాలైనా మానలేదు. గూడూరులో చూపిస్తే నెల్లూరు వెళ్లమన్నారు. అక్కడ పరీక్షలు చేసి, ‘కాలికి రక్తం అందడం లేదు, బైపాస్ చేయాలి, కానీ దానికి పనికొచ్చే సిర ఆయన కాళ్లలో లేదు’ అన్నారు. ఫోన్‌లో వెతికితే ‘చనిపోయిన దాత నుంచి తీసి భద్రపరిచిన సిర’ అనే మాట కనిపిస్తుంది. అది నిజంగా ఉందా? మనకు అందుతుందా? అడిగి తెచ్చుకోవాల్సినదేనా?

ఉంది. అమెరికా, ఐరోపా దేశాల్లో దశాబ్దాలుగా వాడుతున్నారు. కానీ అది మొదటి దారి కాదు, రెండోది కూడా కాదు. మిగతా దారులు మూసుకుపోయినప్పుడు కాలు నిలబెట్టడానికి చేసే ప్రయత్నం.

ముఖ్యాంశాలు

• కాలి బైపాస్‌కు అన్నిటికంటే మంచిది రోగి సొంత సిర.
• కాళ్లలో లేకపోతే చేతుల్లో వెతకాలి. ఆ తర్వాతే కృత్రిమ గొట్టం, దాత సిర.
• దాత సిర సొంత సిరంత కాలం తెరిచి ఉండదు. ఇన్ఫెక్షన్ ఉన్నచోట మాత్రం కృత్రిమ గొట్టం కంటే నయం.
• సిర, ధమని కూడా చట్టం దృష్టిలో ‘కణజాలమే’. వాటిని కొనడం, అమ్మడం నేరం.
• మానని పుండు, రాత్రిళ్లు పాదంలో నొప్పి ఉంటే రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చోకూడదు.

కాలి బైపాస్ అంటే ఏమిటి?

గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లేవి ధమనులు. తిరిగి గుండెకు తెచ్చేవి సిరలు. వాడుకలో రెండిటినీ ‘నరం’ అనేస్తాం కానీ ఇక్కడ తేడా తెలియాలి. షుగర్, పొగతాగడం, బీపీ, కొలెస్ట్రాల్, వయసు వల్ల కాలి ధమనుల లోపల కొవ్వు, సున్నం పేరుకుని దారి ఇరుకవుతుంది. మొదట్లో కొంతదూరం నడిస్తే పిక్క పట్టేస్తుంది, నిలబడితే తగ్గుతుంది. ముదిరితే పడుకున్నా పాదం నొప్పి పుడుతుంది. కాలు మంచం కిందికి వేలాడేస్తే కాస్త ఉపశమనం. ఆ తర్వాత పుండు, నల్లబడటం.

మన దగ్గర ఇంకో గుంపు కూడా ఉంది. బీడీ, సిగరెట్, చుట్ట బాగా తాగేవాళ్లలో నలభై ఏళ్లలోపే కాళ్లు, చేతుల చివర్లలోని సన్న రక్తనాళాలు మూసుకుపోతాయి. దీన్ని బర్జర్స్ వ్యాధి అంటారు. వీళ్లకు చాలాసార్లు బైపాస్ కలపడానికి కింద సరైన ధమనే మిగలదు. పొగ పూర్తిగా మానడమే ఇందులో ప్రధాన చికిత్స.

ధమని మూసుకుపోతే రెండు మార్గాలు. ఒకటి, లోపలి నుంచి బెలూన్, స్టెంట్‌తో తెరవడం. అది యాంజియోప్లాస్టీ. రెండోది, అడ్డుపడిన భాగాన్ని అలాగే వదిలేసి, పైనుంచి కిందకు కొత్త గొట్టం కుట్టడం. రోడ్డు తెగితే పక్కనుంచి వేసే దారి లాంటిది. అదే బైపాస్. ఆ కొత్త గొట్టాన్ని గ్రాఫ్ట్ అంటారు. సిరతో కాలి ధమనికి పొడవైన బైపాస్‌ను 1948లో పారిస్‌లో జాన్ కున్లాన్ చేశారు. గుండె బైపాస్‌లు తర్వాత వచ్చాయి. మన దేశంలో మొదటి గుండె బైపాస్ 1975లో చెన్నై పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో డాక్టర్ కె.ఎం.చెరియన్ చేతుల మీదుగా జరిగింది.

సొంత సిరకే మొదటి పీట ఎందుకు?

చీలమండ లోపలి వైపు నుంచి గజ్జ దాకా చర్మం కింద ఒక పొడవైన సిర ఉంటుంది. వైద్యులు గ్రేట్ సఫీనస్ అంటారు. దాన్ని తీసినా కాలికి పెద్ద నష్టం ఉండదు, లోపలి సిరలు ఆ పని చేసుకుపోతాయి. అది ప్రాణమున్న కణజాలం. లోపలి పొర రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. మన ఒంటిదే కాబట్టి శరీరం దాన్ని తిరస్కరించదు.

2022లో వెలువడిన బెస్ట్-సీఎల్ఐ అనే అంతర్జాతీయ పరిశోధన ఈ సంగతిని అంకెల్లో చూపింది. కాలు పోయే ముప్పున్న 1,830 మందిని అందులో చేర్చారు. మంచి సఫీనస్ సిర ఉన్న 1,434 మందిలో, కాలికి పెద్ద కీడు లేదా మరణం బైపాస్ చేయించుకున్నవాళ్లలో 42.6 శాతానికి, యాంజియోప్లాస్టీ వైపు వెళ్లినవాళ్లలో 57.4 శాతానికి ఎదురైంది. అలాంటి సిర లేని 396 మందిలో మాత్రం రెండు పద్ధతుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంటే బైపాస్ బలం చాలావరకు మంచి సిరలోనే ఉంది.

అయితే 2023లో వచ్చిన బేసిల్-2 పరిశోధనలో, మోకాలి కింది ధమనులకు కూడా చికిత్స అవసరమైనవాళ్లలో ముందుగా యాంజియోప్లాస్టీ చేయడమే మెరుగ్గా తేలింది. కాబట్టి అందరికీ ఒకే జవాబు లేదు. వయసు, గుండె పరిస్థితి, అడ్డు ఎక్కడుంది, సిర ఎలా ఉంది అన్నవి చూసి నిర్ణయిస్తారు.

సొంత సిర లేకపోతే?

గుండె బైపాస్‌కు ముందే తీసేసి ఉండొచ్చు. వేరికోస్ వెయిన్స్‌కు లేజర్ చేసినప్పుడు మూసేసి ఉండొచ్చు. పుట్టుకతోనే సన్నగా ఉండొచ్చు. అప్పుడు సర్జన్ ఈ వరసలో ఆలోచిస్తారు.

1. రెండో కాలి సఫీనస్ సిర.
2. పిక్క వెనకుండే చిన్న సఫీనస్ సిర, చేతుల సిరలు. ఒకటే పొడవుగా దొరక్కపోతే రెండు మూడు ముక్కలు కలిపి కుడతారు.
3. కృత్రిమ గొట్టం. పీటీఎఫ్ఈ, డాక్రాన్ అనే పదార్థాలతో చేస్తారు. మోకాలి పైవరకు బాగానే పనిచేస్తుంది. మోకాలి కిందకు, చీలమండ దగ్గరకు వెళ్లేకొద్దీ త్వరగా మూసుకుపోతుంది. ఇన్ఫెక్షన్ పట్టిందంటే మందులతో పోవడం కష్టం, చాలాసార్లు గొట్టాన్నే తీసేయాల్సి వస్తుంది.
4. దాత సిర, లేదా దాత ధమని.

నాలుగోది ఎక్కువగా ఎప్పుడు గుర్తొస్తుంది? ముందు వేసిన కృత్రిమ గొట్టానికి చీము పట్టి దాన్ని తీసేయాల్సి వచ్చి, రోగి దగ్గర సొంత సిర లేనప్పుడు. చీమున్న చోట మళ్లీ ప్లాస్టిక్ పెట్టలేరు. మనిషి కణజాలం ఇన్ఫెక్షన్‌ను కాస్త మెరుగ్గా తట్టుకుంటుంది. లేదా మోకాలి కింద సన్నటి ధమనికి కలపాల్సి ఉండి, పాదం మీద పుండు మానేంత కాలమైనా రక్తం పారించాలి అనుకున్నప్పుడు.

దాత సిరను ఎలా భద్రపరుస్తారు?

కుటుంబం అంగీకరించాక, మరణించిన దాత కాళ్ల నుంచి సిరను జాగ్రత్తగా తీస్తారు. పక్క కొమ్మలను ముడివేసి, యాంటీబయాటిక్ ద్రావణంలో ఉంచుతారు. దాత రక్తానికి హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్ పరీక్షలు చేస్తారు. ఏ ఒక్కటి తేడా వచ్చినా ఆ సిరను వాడరు.

నేరుగా గడ్డకట్టిస్తే కణాల్లో నీరు మంచు ముక్కలై గోడలను చీల్చేస్తుంది. అందుకే డీఎంఎస్ఓ అనే రక్షక ద్రవం కలిపి, ప్రత్యేక యంత్రంలో నిమిషానికి సుమారు ఒక డిగ్రీ చొప్పున నెమ్మదిగా చల్లబరుస్తారు. తర్వాత ద్రవ నైట్రోజన్ ట్యాంకులో దాస్తారు. ద్రవ నైట్రోజన్ ఉష్ణోగ్రత మైనస్ 196 డిగ్రీలు. ఆపరేషన్ రోజున థియేటర్‌లోనే కరిగించి, రక్షక ద్రవాన్ని దశలవారీగా కడిగేసి, వెంటనే కుడతారు. ఒకసారి కరిగించాక మళ్లీ గడ్డకట్టించి దాచడం ఉండదు.

ఇంట్లో ఫ్రిజ్‌తోనో, మామూలు బ్లడ్ బ్యాంకు సదుపాయంతోనో అయ్యే పని కాదిది. ట్యాంకు, నిరంతరం నైట్రోజన్ సరఫరా, పరీక్షల ల్యాబ్, ప్రతి సిర ఎక్కడి నుంచి వచ్చి ఎవరికి వెళ్లిందో చెప్పే రికార్డు, ఇవన్నీ ఉండాలి. ఖర్చు ఎక్కువ కావడానికి కారణం ఇదే.

ఎంతకాలం పనిచేస్తుంది?

ఇక్కడ ఆశను కాస్త అదుపులో పెట్టుకోవాలి. అమెరికా ఆసుపత్రులు ప్రచురించిన నివేదికల్లో చాలావాటిలో, మోకాలి కింది బైపాస్‌కు వాడిన దాత సిరల్లో ఏడాది తర్వాత మరే చికిత్సా లేకుండా తెరిచి ఉన్నవి సగానికి మించలేదు. కొన్నిటిలో మూడో వంతే. కానీ అదే సమయంలో కాలు నిలబడినవాళ్లు అంతకంటే ఎక్కువ మంది. కారణం సులువే. పుండు మానడానికి రక్తం బాగా కావాలి. మానాక చర్మం చెక్కుచెదరకుండా ఉండటానికి అంత అక్కర్లేదు. ఈలోగా పుండు మానిపోతే, తర్వాత గ్రాఫ్ట్ మూసుకుపోయినా కాలు దక్కవచ్చు.

ఎందుకు మూసుకుపోతుంది? గడ్డకట్టించి కరిగించడంలో లోపలి పొర దెబ్బతింటుంది. దానికితోడు అది పరాయి కణజాలం కాబట్టి శరీరం ప్రతిఘటిస్తుంది. గోడ మందమై దారి ఇరుకవుతుంది. కొన్నిసార్లు గోడ బలహీనపడి బుడగలా ఉబ్బుతుంది. 1940ల చివర్లో, 1950ల్లో భద్రపరిచిన దాత ధమనులను విరివిగా వాడి, అవి కొన్నేళ్లకు పాడవడం చూశాకే వైద్యలోకం కృత్రిమ గొట్టాల వైపు మళ్లింది. ఆ పాఠం ఇప్పటికీ వర్తిస్తుంది.

చాలా కేంద్రాలు దాత, రోగి రక్తం గ్రూపులు కలిసేలా చూస్తాయి. కిడ్నీ మార్పిడికిలా గట్టి మందులను అందరికీ మామూలుగా ఇవ్వరు. గ్రాఫ్ట్ మూసుకుపోకుండా రక్తాన్ని పలచబరిచే మందులు మాత్రం తప్పకుండా వాడాలి.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. డయాలిసిస్ మీద ఉండి, కిడ్నీ మార్పిడి కోసం ఎదురుచూస్తున్నవాళ్లు దాత సిర పెట్టించుకునే ముందు కిడ్నీ వైద్యుడితో మాట్లాడాలి. పరాయి కణజాలం వల్ల ఒంట్లో యాంటీబాడీలు తయారై, రేపు సరిపోయే కిడ్నీ దొరకడం కష్టం కావచ్చు.

చట్టం ఏం చెబుతోంది?

అవయవ మార్పిడి చట్టం 1994లో వచ్చింది. 2011 సవరణతో దాని పరిధిలోకి కణజాలాలు కూడా చేరాయి. 2014లో నిబంధనలు వెలువడ్డాయి. కార్నియా, చర్మం, ఎముక, గుండె కవాటాలు, రక్తనాళాలు ఈ కోవలోకే వస్తాయి. వీటిని సేకరించి దాచే కణజాల బ్యాంకుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కణజాలంతో వ్యాపారం చేస్తే ఏడాది నుంచి మూడేళ్ల జైలు, 5 లక్షల నుంచి 25 లక్షల రూపాయల వరకు జరిమానా పడుతుంది.

కాబట్టి ఎవరైనా ‘సిర తెప్పిస్తాం, ముందు డబ్బు కట్టండి’ అని ఫోన్ చేస్తే నమ్మకండి. కణజాలానికి ధర ఉండదు. పరీక్షలు, నిల్వ, రవాణాకు అయ్యే ఖర్చును ఆసుపత్రి బిల్లులోనే చూపాలి. ఏ బ్యాంకు నుంచి వచ్చింది, దాని రిజిస్ట్రేషన్ ఏమిటి, దాతకు చేసిన పరీక్షల నివేదిక ఏది అని అడగండి.

మన దేశంలో కణజాల బ్యాంకులంటే ప్రధానంగా కళ్లవే. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలోని రామాయమ్మ ఐ బ్యాంకు తెలుగువాళ్లకు బాగా తెలిసిందే. ఉస్మానియా ఆసుపత్రిలో 2021లో చర్మ బ్యాంకు మొదలైంది. ఢిల్లీ ఎయిమ్స్ లాంటి చోట్ల గుండె కవాటాలను భద్రపరుస్తారు. కాలి సిరలు మాత్రం మన జిల్లా ఆసుపత్రుల్లో అడగగానే ఫ్రీజర్ నుంచి తీసిచ్చే వస్తువు కాదు. దాని కోసం ఎదురుచూస్తూ ఉన్న చికిత్సను వాయిదా వేస్తే కాలే పోవచ్చు.

వాకాడు నుంచి ఎక్కడికి వెళ్లాలి?

మొదటి అడుగు దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలోనే. చేతి బీపీని, చీలమండ దగ్గర బీపీని పోల్చే పరీక్ష ఒకటుంది, దాన్ని ఏబీఐ అంటారు. నిష్పత్తి 0.9 కంటే తక్కువైతే ధమనిలో అడ్డు ఉన్నట్టే. 0.4 లోపు వస్తే తీవ్రం. అయితే షుగర్ రోగుల్లో ధమని గోడలు సున్నం పట్టి గట్టిపడితే ఈ అంకె మామూలుగా ఉన్నట్టు మోసం చేస్తుంది. పుండు ఉంటే ఏబీఐ బాగుందని ఊరుకోకుండా డాప్లర్ స్కాన్ చేయించాలి.

ఆ తర్వాత వాస్క్యులర్ సర్జన్‌ను, లేదా గుండె, ఛాతీ, రక్తనాళాల శస్త్రచికిత్స విభాగాన్ని కలవాలి. నెల్లూరులో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది. తిరుపతి స్విమ్స్‌లో గుండె, రక్తనాళాల శస్త్రచికిత్స విభాగం ఉంది. చెన్నై రాజీవ్ గాంధీ ప్రభుత్వ ఆసుపత్రిలో, హైదరాబాద్ నిమ్స్‌లో రక్తనాళాల శస్త్రచికిత్సకు ప్రత్యేక విభాగాలున్నాయి. నాన్నను బండెక్కించే ముందే ఫోన్ చేసి, ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో కనుక్కోండి. తీరం పల్లెల నుంచి వచ్చేవాళ్లకు ఒక్క ప్రయాణం వృథా అయినా ఒక రోజు కూలీ పోయినట్టే.

డబ్బు సంగతి

2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం చికిత్సల జాబితాలో కాలి ధమనుల బైపాస్ ఉంది. సిర గ్రాఫ్ట్‌తో చేసేది, కృత్రిమ గ్రాఫ్ట్‌తో చేసేది వేర్వేరు పేర్లతో నమోదై ఉంటాయి. అందుకే మంజూరు అడిగేటప్పుడు ఏ గ్రాఫ్ట్ వాడబోతున్నారో ముందే తేలాలి. జాబితాలో పేరు లేని సామగ్రి వాడాల్సి వస్తే ఆ భారం ఎవరిదో ఆపరేషన్‌కు ముందే రాతపూర్వకంగా అడగండి.

ఆసుపత్రిలోని పథకం సహాయ కేంద్రంలో రేషన్ కార్డు లేదా ఆరోగ్య కార్డు, ఆధార్ చూపిస్తే అర్హత చెబుతారు. సందేహాలకు 104. పొరుగు రాష్ట్రాల్లో కొన్ని ఆసుపత్రులకు, కొన్ని చికిత్సలకే వర్తింపు ఉంటుంది కాబట్టి చెన్నై వెళ్లేముందు ఈ నంబరుకు తప్పకుండా ఫోన్ చేయండి. పథకం కిందకు రాని ఖర్చుకు ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు చేసుకోవచ్చు. బిల్లులు, డిశ్చార్జి కాగితాల అసలు ప్రతులు పారేయకండి.

సర్జన్‌ను అడగాల్సిన ప్రశ్నలు

• రెండు కాళ్ల, రెండు చేతుల సిరలను స్కాన్‌తో కొలిచారా? ‘సిర లేదు’ అన్నది స్కాన్ చూసి చెప్పిందా, పైకి చూసి చెప్పిందా?
• యాంజియోప్లాస్టీకి అవకాశం ఉందా? లేకపోతే ఎందుకు?
• కృత్రిమ గొట్టం వేస్తే ఎక్కడి నుంచి ఎక్కడికి? మోకాలి కిందకా?
• ఇన్ఫెక్షన్ ఉందా? ముందు దాన్ని అదుపు చేయాలా?
• బైపాస్ మూసుకుపోతే తర్వాత ఏం మిగులుతుంది?
• కాలు తీసేయాలంటే ఏ ఎత్తులో? ముందు రక్తప్రసరణ పెంచితే వేలితో, పాదంలో కొంత భాగంతో సరిపోతుందా?

ఆఖరి ప్రశ్న అడగడానికి నోరు రాదు. అయినా అడగాలి. మోకాలి కింద తీస్తే కృత్రిమ కాలుతో నడవడం తేలిక, మోకాలి పైన తీస్తే చాలా కష్టం. పడవెక్కాలన్నా రొయ్యల గుంట గట్టు మీద నడవాలన్నా ఆ తేడాయే బతుకుతెరువు. పాదం అంతా కుళ్లి, విషం ఒంటికి పాకుతుంటే మాత్రం కాలు తీయడమే ప్రాణం కాపాడే చికిత్స. అప్పుడు రెండో అభిప్రాయం పేరిట వారం తిరగడం ప్రమాదం.

మీ సిరను మీరే కాపాడుకోండి

దాత సిర గురించి ఆలోచించాల్సిన పరిస్థితి రాకుండా చూసుకోవడం కొంతవరకు మన చేతిలోనే ఉంది. షుగర్ లేదా గుండె జబ్బు ఉండి వేరికోస్ వెయిన్స్‌కు లేజర్ చేయించాలనుకుంటే, ముందు కాలి ధమనులను పరీక్షించమని అడగండి. ఆ సిర రేపు గుండెకో కాలికో పనికిరావచ్చు. సెలైన్ సూదులను చీలమండ దగ్గరి సిరకు వేయకుండా, వీలైనంతవరకు అరచేతి వెనక వేయమనండి. పొగ మానండి. బైపాస్ తర్వాత కూడా పొగ తాగితే ఏ గ్రాఫ్టయినా త్వరగా మూసుకుపోతుంది.

షుగర్ ఉన్నవాళ్లు రోజూ పాదాలు చూసుకోవాలి. చెప్పుల్లేకుండా ఇసుకలో, గుంటల్లో తిరిగితే గుచ్చుకున్నది కూడా తెలియకపోవచ్చు. పుండుకు రెండు వారాల్లో మానే సూచన లేకపోతే ఆకు పసరు, పసుపు పెట్టి చూద్దామని ఆగకండి.

కాలు ఉన్నట్టుండి చల్లబడి, తెల్లబడి, విపరీతంగా నొప్పి పుట్టి, మొద్దుబారితే అది వేరే సంగతి. రక్తం గడ్డ అడ్డుపడి ఉండొచ్చు. దాదాపు ఆరు గంటల్లో రక్తం పారకపోతే కండ చచ్చిపోవడం మొదలవుతుంది. తెల్లారేదాకా చూడొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

దానం చేయాలనుకుంటే

బ్యాంకుల్లో కణజాలం ఉండాలంటే ఇచ్చేవాళ్లుండాలి. జాతీయ సంస్థ నోటో వెబ్‌సైట్‌లో ఆధార్‌తో ప్రతిజ్ఞ నమోదు చేసుకోవచ్చు. కాగితం మీదైతే అది ఫారం 7. టోల్‌ఫ్రీ నంబరు 1800-11-4770. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఈ వ్యవహారాలను జీవన్‌దాన్ చూస్తుంది. గుండె, కాలేయం లాంటివాటికి ఎక్కువగా బ్రెయిన్‌డెడ్ దాతలే కావాలి. కణజాలాలను మాత్రం గుండె ఆగి మరణించినవాళ్ల నుంచి కూడా నిర్ణీత గంటల్లో తీసుకోవచ్చు. ఏమేం తీసుకోగలరన్నది దగ్గర్లో ఏ బ్యాంకు ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. కళ్లకు సౌకర్యం ఎక్కువ చోట్ల ఉంది.

నమోదు చేసుకున్నంత మాత్రాన పని పూర్తికాదు. ఆ సమయానికి సంతకం పెట్టాల్సింది కుటుంబమే. మీ కోరికేమిటో ఇంట్లోవాళ్లకు ఈరోజే చెప్పండి.